వెల్లుల్లి ఎవరికోసమో అడగలేదు

వాదనలో నెగ్గి పని చెడగొట్టుకున్న సందర్భాలు నా ఉద్యోగ జీవితంలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ఇన్నేళ్ళయినా నన్ను వదిలిపెట్టలేదు. వలస వచ్చినవాళ్ళకు ఇళ్ళు వెతికిపెట్టే పనిలో మీలో కొందరు కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఉన్నారని విన్నాను. మీ ముందు సలహాల మూట విప్పే వయసు నాకు వచ్చింది కానీ అర్హత వచ్చిందో లేదో తెలియదు. అందుకని జరిగింది మాత్రం రాస్తాను.

నేను పదకొండేళ్ళు సింగపూరులో, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్ళ కోసం నడిచే ఒక చిన్న సంస్థకు డైరెక్టరుగా ఉన్నాను. తెలుగువాళ్ళెవరైనా పరిచయమైతే రెండో ప్రశ్న ఎప్పుడూ ఇదే: "మనవాళ్ళే ఇంతమంది అవస్థ పడుతుంటే మీకు వాళ్ళే దొరికారా?" నేను అనేవాణ్ణి: "మనవాళ్ళంటే ఎవరో ముందు మీరు చెప్పండి. ఏ కులం దాకా వచ్చి ఆగుతారో చూసి, అక్కడి నుంచి నేను మొదలుపెడతాను." ఆ తరవాత మూడో ప్రశ్న ఉండేది కాదు.

నిజానికి అందులో నా గొప్ప ఏమీ లేదు. అంతకుముందు నేను జురాంగ్ వైపు ఒక ఓడల మరమ్మతు యార్డులో భద్రతా తనిఖీ ఉద్యోగిని. ఒకసారి ఓ పాత సరుకు ఓడ మా దగ్గరికి వచ్చింది. దాని యజమాని పత్తా లేకుండా పోయాడు. ఓడలో ఘానా నుంచి వచ్చిన ఏడుగురు మిగిలారు. తనిఖీకి వెళ్ళి, వాళ్ళకు తాగే నీళ్ళు కూడా అయిపోవచ్చాయని చూశాను. ఆ ఏడుగురిలో వంటవాడు ఒకాయన తరవాత ఇక్కడే స్థిరపడ్డాడు, ఇక్కడి మనిషినే పెళ్ళి చేసుకున్నాడు. ఆయనే ఈ సంస్థను మొదలుపెట్టి, కమిటీ అధ్యక్షుడయ్యాడు. నన్ను యార్డు నుంచి లాక్కొచ్చి జీతానికి పెట్టుకున్నాడు. సంస్థ వాళ్ళది, నేను జీతగాణ్ణి. ఈ తేడా నాకు మొదటి రోజే చెప్పారు. నేర్చుకోవడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింది అంతస్తులో మా ఆఫీసు. రెండు గదులు, ఒక హాలు. ఆఫీసు పని అంతా చూసే ఆమె సింగపూరులోనే పుట్టింది. ఆమె తాతలు ఎప్పుడో ఉత్తరాంధ్ర నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చారు. ఆమె తెలుగులో తమిళం, మలయ్ సగానికి సగం కలిసి ఉండేవి. నాకంటే రెండేళ్ళు చిన్నది, పది రెట్లు లోకం తెలిసినది.

హాలు గోడకు నేనే ఒక కాగితం అంటించాను: ఇక్కడ మతకర్మలు చేయకూడదు. కమిటీలో క్రైస్తవులు, ముస్లిములు అందరూ ఉన్నారు కనుక అది న్యాయమే. కానీ దాన్ని అంటించినప్పుడు నాలో న్యాయం కంటే సరదా ఎక్కువ ఉందని ఒప్పుకోవాలి. నేను కృష్ణా తీరపు పట్టణంలో, హేతువాద సభల బెంచీల మీద పెరిగినవాణ్ణి. నాకు వాదన నేర్పినవాళ్ళు నికార్సయినవాళ్ళు. ఎదుటివాడి మాటను అతని కంటే బాగా చెప్పగలిగిన తరవాతే ఖండించడానికి నోరు తెరవాలన్నది వాళ్ళ మొదటి నియమం. ఆ నియమం నాకు కంఠతా వచ్చు. కంఠం దాటి లోపలికి దిగిందా అన్నదే ఈ కథ.

అవి కంప్యూటర్ల రోజులు. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలోని యంత్రాలన్నీ తేదీ మరిచిపోతాయని భయం. ఆ భయం పుణ్యాన హైదరాబాదు నుంచి, ఘానాలోని ఆక్రా నుంచి, ఎక్కడెక్కడి నుంచో ప్రోగ్రామర్లు వచ్చి దిగారు. మన కుర్రాళ్ళు ఒక్కో గదిలో నలుగురు, ఒక రైస్ కుక్కరు, నాలుగు పరుపులు. అద్దెకు గది దొరకడమే గగనం. ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషికైతే ఫోనులో పేరు చెప్పగానే గది "ఇప్పుడే అయిపోయేది".

గదుల విషయంలో మా అధ్యక్షుడు పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మాలో ఒకరం వెంట వెళ్ళాలి. అందరం ఆ ఇంట్లో కూర్చుని టీ తాగాలి. ఇంటివాళ్ళు తాము తాగే కప్పుల్లోనే మావాళ్ళకూ ఇచ్చి, తామూ కూర్చుని తాగితేనే ఆ గది తీసుకోవాలి. కాగితపు గ్లాసులు బయటికి వస్తే దండం పెట్టి వచ్చేయాలి. అంతకంటే మంచి తనిఖీ నేను యార్డులో కూడా చూడలేదు.

ఆ తనిఖీలో ఒక తెలుగు అబ్బాయి ఇల్లు దర్జాగా నెగ్గింది. బుకిట్ బటోక్‌లో ఫ్లాటు కొనుక్కున్న ప్రోగ్రామరు. అతని ఆఫీసులోనే పనిచేసే ఘానా కుర్రవాడికీ, అతని భార్యకూ ఒక గది అద్దెకిచ్చాడు. టీ తానే పెట్టాడు. ఘానా కుర్రవాడు తాగి మొహం చిట్లిస్తే, "బ్రదర్, అల్లం ఎక్కువైందా?" అని నవ్వి, తన కప్పూ అతని కప్పూ మార్చుకున్నాడు. నేను మురిసిపోయి కేసు కాగితం మీద "ఉత్తమం" అని రాశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఘానా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ప్రసవానికి నెల రోజులుందనగా ఆ తెలుగు అబ్బాయి మా ఆఫీసుకు వచ్చాడు.

"అంకుల్, చిన్న ప్రాబ్లం. మా అమ్మ వచ్చింది గుంటూరు నుంచి. వాళ్ళకు డెలివరీ టైం కదా. ఇంట్లో పురుడంటే అమ్మ ఒప్పుకోదు. దేవుడి గది ఉంది, మైల అంటుంది. పెద్దావిడ, నేనేం చెప్పను? మీరే వాళ్ళకు నచ్చజెప్పి, డెలివరీ లోపల షిఫ్ట్ చేయించండి. అడ్వాన్సు మొత్తం ఇచ్చేస్తాను."

ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రావాలి. నెలలు నిండిన పిల్లను వీధిలోకి పంపమంటున్నాడు. కానీ నాకు వచ్చింది కోపం కాదు, ఉత్సాహం. ఇరవై ఏళ్ళుగా ఎదురుపడని పాత ప్రత్యర్థి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. పురుడు! మైల! నా యవ్వనమంతా వీటి మీదనే గదా గొంతు చించుకున్నాను.

"ఆదివారం ఇంట్లో ఉంటావా? నేనొచ్చి మీ అమ్మగారితో మాట్లాడతాను," అన్నాను.

అతని మొహం మాడిపోయింది. "అమ్మతోనా? వద్దులెండి అంకుల్. ఆవిడకు ఇవన్నీ…"

"పరవాలేదు బాబూ. ఆవిడకే చెప్పాలి."

అతను వెళ్ళాక ఆఫీసు చూసే ఆమె టైపు చేయడం ఆపింది. "అన్నా, నీ మొహం చూస్తే కల్యాణానికి పోయే మాదిరి ఉంది. అక్కడ పోయి సుమ్మా గలాటా చేయొద్దు. ముందు ఆ పాటిని, ఆ ముసలమ్మని, కూర్చోబెట్టి అడుగు."

"ఏమడగాలి? చెప్పేశాడుగా."

"అలామక్!" అని నెత్తి కొట్టుకుంది. "చెప్పింది కొడుకు. పాటి కాదు."

చేయి ఊపి కొట్టిపారేశాను.

ఆదివారం మధ్యాహ్నం బుకిట్ బటోక్ వెళ్ళాను. ఆ తెలుగు అబ్బాయి భార్య ఆ వారం ఆఫీసు పని మీద కౌలాలంపూర్‌లో ఉంది. ఇంట్లో అతనితో పాటు అతని ఆఫీసు మిత్రులు నలుగురు, అందరూ తెలుగువాళ్ళే, క్రికెట్ చూస్తూ ఉన్నారు. ఘానా దంపతుల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటింటి గుమ్మం దగ్గర ఓ పెద్దావిడ చాప మీద కూర్చుని, పెద్ద పళ్ళెం నిండా వెల్లుల్లి రేకలు ఒలుస్తోంది.

నలుగురు శ్రోతలు దొరికారు. ఇంకేం కావాలి?

గంటన్నర మాట్లాడాను. ప్రసవం అంటే ఏమిటో చెప్పాను. ఏ రక్తం బిడ్డను తొమ్మిది నెలలు సాకిందో ఆ రక్తాన్ని మైల అనడానికి నాలుక ఎలా తిరిగిందని అడిగాను. ఒక కులానికి పది రోజులు, ఇంకొకదానికి పన్నెండు, మరొకదానికి పదిహేను అని లెక్క కట్టినవాడికి గర్భసంచిలో కులం ఎక్కడ కనపడిందో చూపించమన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నేను ఇవాళ వెనక్కి తీసుకోను. పురుడు మైల అన్న ఊహ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

మధ్యలో పెద్దావిడ రెండుసార్లు, "అది కాదు నాయనా…" అంది.

"ఒక్క నిమిషం అమ్మా, నన్ను పూర్తి చేయనివ్వండి," అన్నాను రెండుసార్లూ. మూడోసారి ఆవిడ నోరు తెరవలేదు. వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది.

నా మాటలయ్యాక మిత్రులు నలుగురూ చప్పట్లు కొట్టారు. "అదరగొట్టారు అంకుల్! మన ఇళ్ళల్లో ఇంకా ఈ చాదస్తాలేంటి, మరీ ఓల్డ్!" అన్నాడొకడు. ఇంటి అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. సిగ్గే, కానీ నేననుకున్న దానికి కాదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఘానా కుర్రవాడు ఆఫీసు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో తాళం చెవులు. నా బల్ల మీద పెట్టాడు.

"ఇల్లు ఖాళీ చేశాం సార్. సామాను అధ్యక్షుడిగారింట్లో పెట్టాం."

"ఎందుకు? నేను నిన్న మీ తరఫున మాట్లాడాను కదా!"

"ఏ భాషలో?"

నేను బల్ల మీది తాళం చెవులు చేతిలోకి తీసుకున్నాను.

"గంటన్నర సేపు తలుపు అవతల మీరు అరిచారు," అన్నాడు. గొంతు పెంచలేదు. "మధ్యమధ్యలో ఘానా అన్న మాట ఒక్కటే మాకు అర్థమైంది. నా భార్య మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని వింది. చివర్లో చప్పట్లు వినిపించాయి. ఆ ఇంటికి బిడ్డను ఎలా తీసుకురమ్మంటారు? మా తరఫున మాట్లాడేముందు మమ్మల్ని అడగవచ్చు కదా సార్. మేం పక్క గదిలోనే ఉన్నాం."

ఆ రోజు కేసు కాగితం పూర్తిచేయవలసి వచ్చింది. ఎవరైనా ఇల్లు వదిలితే చివరి గడిలో కారణం రాయాలి. నెలాఖరున కమిటీ ముందు అధ్యక్షుడు అవన్నీ పైకి చదువుతాడు. నేను రాశాను: "కారణం: ఇంటి యజమాని కుటుంబంలోని మూఢాచారం."

ఆ తరవాతి రెండు వారాలు గది కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఆఫ్రికావాళ్ళు అనగానే సగం మంది పెట్టేసేవారు. ప్రసవానికి సిద్ధంగా ఉందనగానే మిగతా సగం. అధ్యక్షుడిది ఒకే గది ఫ్లాటు. ముసలి దంపతులు మంచం దిగి ఆ అమ్మాయిని పడుకోబెట్టి, తాము వంటింట్లో నడుం వాల్చేవారు. ఆ వంటింట్లోనే పొయ్యి, ఆ పక్కనే బట్టల తీగ. పసిబిడ్డను అక్కడికి తీసుకురావడం కుదరదని ఆసుపత్రి నర్సు ఇల్లు చూసి మొహం మీదే చెప్పింది. అనుకున్న దానికంటే రెండు వారాలు ముందే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. ఇల్లు లేదు.

అప్పుడు ఆఫీసు చూసే ఆమె ఫోను తీసి బుకిట్ పంజాంగ్‌లోని తన ఇంటికి చేసింది. కూతురికి పెద్ద పరీక్షలు. "నీ గది ఖాళీ చేయి. నలభై రోజులు హాలులో చదువుకో," అంది. అవతల నుంచి గొంతు నాక్కూడా వినపడింది: "మా! బేబీ వస్తే నేనెట్లా చదివేది లా?" "గట్టిగా చదువు. బేబీ కూడా నేర్చుకుంటుంది," అని పెట్టేసింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే, మేం ఆసుపత్రికి బయలుదేరుతుండగా, గుమ్మంలో ఆ పెద్దావిడ ప్రత్యక్షమైంది. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో మా సంస్థ కరపత్రం. ఘానా దంపతులు ఎప్పుడో ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం అది. బుకిట్ బటోక్ నుంచి రైల్లో ఒక్క స్టేషనే. కానీ ఇంగ్లీషు ముక్క రాని మనిషి, ఊరికి కొత్త. కరపత్రం మీది బొమ్మ కనపడ్డవాళ్ళందరికీ చూపించుకుంటూ వచ్చింది.

"ఆ పిల్ల ఎక్కడుందయ్యా?" అంది. "మావాడు అన్నం తింటా నోరు జారాడు, ఆడపిల్ల పుట్టిందంట."

సంచి బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే తీసింది. వేయించి దంచిన వెల్లుల్లి కారం, వాము పొడి, నెయ్యి సీసా, బాలింతకు పెట్టే కాయం ముద్ద. పాత నేతచీరలు చింపి, ఉతికి మడిచిన గుడ్డలు.

"అమ్మా," అన్నాను, "మరి మీకు పురుడు… పట్టింపు…"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నాకు పట్టింపని నీకెవరు చెప్పారు నాయనా?"

"మీ అబ్బాయే."

"వాడు చెబితే నువ్వు నమ్మావు. నన్నడిగావా? నోరు తెరిస్తే ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటివి. నీ నిమిషం గంటన్నర." కోపం లేదు ఆ గొంతులో. కాయం ముద్ద మీద కాగితం సరిచేస్తూ అంది: "ఆ రోజు పళ్ళెం నిండా వెల్లుల్లి ఒలిచాను. ఎవరికోసమనుకున్నావు? ఆ వారం ఇంట్లో ఉన్నది నేనూ, నా కొడుకూ. ఇంత కారం మేం తింటామా? ఊళ్ళో మా చుట్టాల్లో ఏ ఇంట పురుడైనా నన్నే పిలుస్తారు. వచ్చిన కాడి నుంచి ఆ పిల్ల కాళ్ళ వాపు చూసి నీళ్ళు కాచి పోస్తున్నాను. ఇద్దరికీ మాట రాదు, చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం."

ఆఫీసు చూసే ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికి.

"పట్టింపు అసలే లేదనడం లేదు," అంది పెద్దావిడ. "ఉంది. పదకొండు రోజులు దేవుడి గది తలుపు దగ్గరగా వేస్తాను. అంతే. దేవుడికేం తొందర, ఆయన ఆగుతాడు. బిడ్డ ఆగుద్దా?"

నా యాభై ఐదేళ్ళ వయసులో ఏ సభలోనూ అంత పొట్టి జవాబు నేను వినలేదు. అందులోని మొదటి సగాన్ని ఖండించగలను. రెండో సగం ముందు ఆ అవసరమే లేకుండా పోయింది.

తల్లీబిడ్డలు బుకిట్ పంజాంగ్ చేరాక, మరునాడు ఆవిడను నేనే అక్కడికి తీసుకెళ్ళాను. ఆ ఊళ్ళో చిన్న రైలు అప్పుడప్పుడే కొత్తగా మొదలైంది. ఫ్లాట్ల కిటికీల పక్కనుంచి పోతుంది, నడిపే మనిషి ఉండడు. ఆవిడ ముందు అద్దంలోంచి తొంగి చూసింది.

"డ్రైవరేడి?"

"లేడమ్మా. యంత్రమే నడుపుకుంటుంది."

"ఎవరిని నమ్ముకుని ఎక్కావు మరి?"

"యంత్రాన్ని."

"నేను నిన్ను నమ్ముకుని ఎక్కాను. నాది ఇంకా పెద్ద ధైర్యం," అంది.

నేను మీ అబ్బాయి అలా ఎందుకు చెప్పాడని అడిగాను. ఈసారి అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. "వాడు నాకు చెప్పలేదు. చెప్పిస్తాను," అని ఊరుకుంది.

ఎనిమిదో రోజున బిడ్డకు పేరు పెట్టడం వాళ్ళ ఆచారం. ఆ రోజు దాకా బిడ్డ అతిథి, ఆ రోజున బయటికి తెచ్చి వెలుగు చూపిస్తే మనిషి. ముందు రోజు అధ్యక్షుడు ఆఫీసుకు వచ్చి గోడ మీది నా కాగితం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"డైరెక్టర్, కంగారు పడకు. నీ హాలు అడగను. ఇది ఆరుబయట చేసేదే. దీని పేరుకు అర్థమే 'బయటికి తేవడం'."

తెల్లవారుతుండగా బుకిట్ పంజాంగ్ బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో పదిహేను మందిమి చేరాం. ఆఫీసు చూసే ఆమె, ఆమె కూతురు కుర్చీలు సర్దారు. పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. అతను ఒక స్తంభం పక్కన, సగం దాక్కున్నట్టు నిలబడ్డాడు.

అధ్యక్షుడు బిడ్డను ఒడిలో పెట్టుకున్నాడు. ముందు రెండు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో సారా. వేలు నీళ్ళలో ముంచి బిడ్డ పెదవికి తాకించాడు, తన భాషలో ఏదో అన్నాడు. తరవాత సారాలో ముంచి తాకించాడు. బిడ్డ మొహం ముడుచుకుంది. అందరూ నవ్వారు.

"ఏమంటున్నాడయ్యా?" అని పెద్దావిడ నా మోచేయి పొడిచింది. బిడ్డ తండ్రిని అడిగి తెలుసుకుని చెప్పాను:

"నీళ్ళయితే నీళ్ళని చెప్పు, సారా అయితే సారా అని చెప్పు అంటున్నారమ్మా. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. తేడా నాలుకకే తెలుస్తుంది. తెలిశాక అబద్ధం చెప్పొద్దని."

పేరుకు ముందు బిడ్డకు ఇచ్చే మొదటి పాఠం ఇది. దేవుడి ఊసు లేదు, లెక్కించాల్సిన మైల లేదు. రుచి చూసి, ఉన్నదున్నట్టు చెప్పు. మా హేతువాద సభల్లో దీన్ని చెప్పడానికి మాకు మూడు రోజుల మహాసభ కావలసి వచ్చేది. నా హాలులో ఇలాంటిది జరగకూడదని నేను గోడకు కాగితం అంటించాను.

పెద్దావిడ స్తంభం వైపు తిరిగింది. "విన్నావురా?"

మిగిలిన సారా గ్లాసు చేతులు మారుతూ ఉంటే అందరూ ఒక్క చుక్క పుచ్చుకోవాలి. అది స్తంభం దాకా వెళ్ళింది. ఆ అబ్బాయి గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. తరవాత బిడ్డ తండ్రి దగ్గరికి నడిచి ఇంగ్లీషులో అన్నాడు:

"మా అమ్మ ఏమీ అనలేదు. అంతా నేనే. ఆఫీసులో మావాళ్ళు, 'నీ ఇంట్లో నల్లవాళ్ళుంటే మా ఆడవాళ్ళను ఎలా తీసుకొస్తాం' అన్నారు. వీకెండ్‌లకు రావడం తగ్గించేశారు. మీరు వెళ్ళిపోతారని మాట ఇచ్చాకే ఆ ఆదివారం మళ్ళీ వచ్చారు. ఆ మాట మీ మొహం మీద చెప్పలేక అమ్మను అడ్డం పెట్టుకున్నాను."

ఆ ఆదివారం వచ్చిన నలుగురు. పురుడు చాదస్తమని నాకు చప్పట్లు కొట్టిన ఆ నలుగురే. నా జీవితంలో నాకు పడిన చప్పట్లలో అవే చివరివి కావాలని అప్పుడు అనుకున్నాను. నేను పోరాడింది అక్కడ లేని శత్రువుతో. ఉన్న శత్రువు నా ఎదుటే సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తూ నన్ను మెచ్చుకున్నాడు.

బిడ్డ తండ్రి అతని చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "రెండు నెలలుగా నువ్వు నాతో కూర్చుని టీ తాగడం మానేశావు."

టీ తనిఖీ! నేను దాన్ని ఒక్కసారి చేసి, "ఉత్తమం" అని రాసి, ఫైలు మూసేశాను. ఆ కుర్రవాడు రోజూ చేస్తూనే ఉన్నాడు.

"గదిలోకి మళ్ళీ రండి. నేను వాళ్ళకు చెప్పుకుంటాను," అన్నాడు తెలుగు అబ్బాయి.

జవాబు బిడ్డ తల్లి ఇచ్చింది. "రాము. కానీ ఆంటీని రోజూ పంపించు." తరవాత గ్లాసు వైపు చేయి చూపించింది. "తాగు. వెనక జనం ఉన్నారు."

అతను తాగాడు. అంతే, కౌగిలింతలేమీ లేవు. ఆ దంపతులు నలభై రోజులు బుకిట్ పంజాంగ్‌లోనే ఉండి, తరవాత అదే పేటలో వేరే గది చూసుకున్నారు. పెద్దావిడ వీసా అయిపోయేదాకా ప్రతి పొద్దునా డ్రైవరు లేని రైలెక్కి వెళ్ళి బిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసేది. ఆ నలభై రోజుల్లో ఇంటివాళ్ళ అమ్మాయి పరీక్షలకు ఎంత చదివిందో తెలియదు కానీ, వెల్లుల్లి కారంతో అన్నం తినడం మాత్రం నేర్చుకుంది.

ఇక నాకు మిగిలింది ఆ కాగితం. నెలాఖరు కమిటీకి ముందు రోజు ఆ కేసు ఫైలు తీశాను. చివరి గడిలో నా చేతిరాతే ఉంది: కుటుంబంలోని మూఢాచారం. ఎంత తేటగా, ఎంత నీళ్ళలా కనపడిందో; రుచి చూస్తే సారా. దాన్ని కొట్టేసి, కింద ఇంకో వాక్యం రాశాను.

కమిటీలో అధ్యక్షుడు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్క కాగితమే పైకి చదువుకుంటూ వచ్చాడు. ఆ కాగితం వచ్చింది. కొట్టేసిన వాక్యం చదవలేదు. కింది వాక్యం చదివాడు:

"కారణం: యజమాని అబద్ధం చెప్పాడు. డైరెక్టరు ఎవరినీ అడగలేదు."

ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "నీళ్ళే," అని పక్కన పెట్టి, తరవాతి కాగితం తీసుకున్నాడు.